మార్ఫిన్ ఆడియో, మా ఫుప్పూ దుపట్టా

పోయిన జుమా నాడు నమాజ్ చదివి ఇంటికొచ్చి ఫోన్ తీస్తే మా ఖాందాన్ వాట్సప్ గ్రూపులో ఒక ఆడియో. నాలుగు నిమిషాలది. ఎవరో హకీమ్ సాబ్ అట, పేరు చెప్పలేదు. మంచి గొంతు, మంచి ఉర్దూ. క్యాన్సర్ మరీజులకి ఇచ్చే మార్ఫిన్ వల్ల నొప్పి తగ్గదట, పైగా పెరుగుతుందట. ఈ సంగతి అంగ్రేజీ డాక్టర్లే తమ కితాబుల్లో రాసుకున్నారట, మనకి మాత్రం చెప్పరట. అందుకని ఆ నషా దవా వెంటనే ఆపేసి కలోంజీ, షహద్ ఇవ్వాలట, దువా చేయాలట. కింద పదిహేడు మంది ‘జజాకల్లాహ్’ అని పెట్టారు.

వరసకి తమ్ముడయ్యే ఒకతను మాత్రం ఏమీ పెట్టలేదు. నాకు విడిగా మెసేజ్ చేశాడు. వాళ్ల అబ్బాకి నోటి క్యాన్సర్, దవడ దాకా పాకింది, నాలుగు నెలలుగా మార్ఫిన్ గోలీల మీద ఉన్నాడు. “భాయ్, గోలీలు బంద్ చెయ్యాల్నా?” అని అడిగాడు.

బంద్ చెయ్యొద్దని అప్పుడే ఫోన్ చేసి చెప్పాను. కానీ గ్రూపులో ఆ పదిహేడు మందికి జవాబు చెప్పకుండా ఉండలేక ఇది రాస్తున్నాను. ఆ ఆడియో పూర్తి అబద్ధమైతే నాకింత గుస్సా వచ్చేది కాదు. అందులో సగం నిజం ఉంది. ఆ సగం నిజం మా ఇంట్లోనే జరిగింది. అందులో నా తప్పు కూడా ఉంది.

మా ఫుప్పూకి గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్. నల్లగొండ జిల్లాలో ఒక చిన్న టౌన్‌లో నలభై ఏళ్లు మొహల్లా పిల్లలకి ఖురాన్ నాజిరా చెప్పింది. నాకూ చెప్పింది. చేతిలో సన్నటి బెత్తం ఉండేది, కొట్టింది ఎప్పుడూ లేదు. అంత మందికి అలిఫ్ బే నేర్పిన మనిషి, తన నొప్పి సంగతి ఎవరికీ చెప్పకుండా ఏడాది దాచుకుంది. ఆడవాళ్ల జబ్బు, చెప్పుకోవడానికి షరమ్. చెప్పేసరికి మూడో దశ దాటింది. రేడియేషన్ అయింది, కీమో అయింది. ఏడాదిన్నరకి మళ్లీ తిరగబెట్టింది. నడుము, కుడి తుంటి, తొడ లోపలి వైపు పోట్లు. రాత్రంతా దిండుని కొరుక్కుంటూ కూర్చునేది.

అప్పుడు మొదలైంది మొదటి సితమ్. డాక్టర్ మార్ఫిన్ రాస్తే ఇంట్లో పంచాయితీ. “అది అఫీమ్ కదా, నషా కదా, ఆఖరి వఖత్‌లో నషాలో పోతే కల్మా ఎట్ల నసీబ్ అయితది?” అని ఒకరు. “ముల్లు గుచ్చుకున్నా గునాలు రాలిపోతాయని హదీస్ ఉంది, సబ్ర్ చెయ్యమను” అని ఇంకొకరు. మస్జిద్‌లో మౌలానా సాబ్ ఒకాయన ఉర్వా బిన్ జుబైర్ ఖిస్సా చెప్పాడు. మదీనాలో తాబియీన్లలో పెద్ద ఆలిమ్ ఆయన. కాలు కుళ్లితే కోసేయాల్సి వచ్చింది, మత్తు తాగమంటే వద్దన్నాడు, అల్లాహ్ జిక్ర్‌లో ఉండి కాలు కోయించుకున్నాడు. ఈ ఖిస్సా నేనూ చిన్నప్పటి నుంచి విన్నాను, విన్న ప్రతిసారీ రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కానీ మౌలానా సాబ్, ఉర్వా తన కాలు గురించి తాను ఫైస్లా చేసుకున్నాడు. పక్క గదిలో ఏసీ వేసుకుని, బిర్యానీ తిని, వేరేవాళ్ల కాలు గురించి ఫైస్లా చెయ్యలేదు. సబ్ర్ అనేది మరీజ్ తనంతట తాను చేసేది. ఇంకొకరి ఒంటి మీద మనం చేయించే సబ్ర్‌కి జుల్మ్ అనే పేరుంది.

సబ్ర్ అంటే ముందుగా గుర్తొచ్చేది హజ్రత్ అయ్యూబ్ అలైహిస్సలామ్. ఆయన కూడా తన తకలీఫ్‌ని రబ్‌కి చెప్పుకున్నాడు. ఖురాన్‌లో ఉంది. జవాబుగా ఏమొచ్చింది? కాలితో నేలని తన్నమని హుకుం వచ్చింది, నీళ్లు పుట్టాయి, స్నానం చెయ్యమని, తాగమని. అంటే ఇలాజ్ వచ్చింది. ఇంకా సబ్ర్ చేస్తూ కూర్చోమని రాలేదు. దవా చేసుకోమని మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పిన హదీస్ ఉండగా, ముల్లు హదీస్ ఒక్కటే పట్టుకుని పక్కవాడి మంచం దగ్గర నిలబడటం ఏం ఇన్సాఫ్?

ఇక నషా సంగతి. మజాకి తాగడం వేరు, మజ్బూరీలో దవాగా తీసుకోవడం వేరు అని ఫిఖ్‌హ్‌లో పాత ఉసూల్ ఉంది. జరూరత్ ముందు మనా చేసినవి కూడా జాయజ్ అవుతాయి. మరీజ్‌కి అవసరమై, తెలిసిన డాక్టర్ లెక్క ప్రకారం ఇస్తే ఇబ్బంది లేదనే ఉలమాలో ఎక్కువ మంది చెబుతారు. ఇదేమీ ఇవాళ్టి ఫిరంగీ అక్కల్ కూడా కాదు. వెయ్యేళ్ల కింద ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’లో నొప్పులు పదిహేను రకాలని విడదీసి చెప్పాడు. నొప్పిని మొద్దుబార్చే దవాల్లో అఫ్యూన్‌ని ముందు వరసలో పెట్టాడు, దాని ఖత్రాలు కూడా చెప్పాడు. మార్ఫిన్ అంటే ఆ అఫ్యూన్ నుంచి తీసిన అసలు సరుకే. ఆడియోలో మాట్లాడిన హకీమ్ సాబ్ తన ఉస్తాద్‌ల ఉస్తాద్ కితాబ్ తెరిస్తే బాగుండేది.

సరే, పంచాయితీలో మేం గెలిచాం. మార్ఫిన్ మొదలైంది. నాలుగు గంటలకోసారి పది మిల్లీగ్రాముల గోలీ, రాత్రి పడుకునేముందు రెండు, మలబద్ధకానికి తోడు మందు. మూడో రోజుకి ఫుప్పూ కూర్చుని నమాజ్ చదివింది. వారానికి పిల్లలు ఇద్దరు సబఖ్ చెప్పించుకోవడానికి వచ్చారు. నషా లేదు, తూలడం లేదు, కల్మా మరిచిపోలేదు. మార్ఫిన్ నొప్పిని పెంచుతుందని చెప్పేవాళ్లు ఆ రెండున్నర నెలలు చూసి ఉండాల్సింది.

తర్వాత జరిగిందే నేను చెప్పదలుచుకున్నది.

నొప్పి మళ్లీ పెరిగింది. హైదరాబాద్‌లో చూపిస్తున్న ఆస్పత్రిలో డోసు పెంచారు, ఇరవై చేశారు. నాలుగు రోజులు బాగుంది. మళ్లీ పెరిగింది. ముప్పై. ఈసారి ఒక్క రోజు కూడా బాగులేదు. అడ్మిట్ చేసి ఇంజెక్షన్ పెట్టారు, అదీ పెంచుతూ పోయారు. పెంచినకొద్దీ అరుపులు పెరిగాయి. అంతకుముందు నొప్పి నడుములో, తుంటిలో. ఇప్పుడు వీపంతా, రెండు తొడలు, చివరికి జబ్బులేని చేతులు కూడా. మా భాభీ దుపట్టా సర్దబోతే ఫుప్పూ కెవ్వుమంది. నూలు దుపట్టా, పాతది, ఉతికి ఉతికి మెత్తబడింది. అది ఒంటికి తగిలితే నిప్పు తగిలినట్టు. వజూ నీళ్లు పోస్తే ఏడ్చింది. పోనీ తయమ్ముమ్ చేయిద్దామంటే మొహం మీద అరచేయి ఆననివ్వలేదు. నిద్రలో చేతులు, కాళ్లు ఉన్నట్టుండి ఎగిరిపడేవి. ఎవరో నజర్ అన్నారు, ఎవరో అసర్ అన్నారు, తావీజ్ కూడా వచ్చింది.

డ్యూటీ డాక్టర్ పొద్దున రౌండ్‌కి వచ్చి అడిగేవాడు. తెలుగాయన, ఉర్దూ రాదు. ఫుప్పూకి తెలుగు వచ్చు గానీ నొప్పిలో మనిషికి తల్లి నోటి మాటే వస్తుంది. మధ్యలో తర్జుమాకి నేను. ఉర్దూ మీడియం బడిలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, ఇరవై ఏళ్లుగా రెండు జబాన్ల మధ్య వార్తలు అటూ ఇటూ మోస్తున్నవాడిని, నాకంటే మంచి తర్జుమాన్ ఎవరు దొరుకుతారు?

ఫుప్పూ అంది: “జల్ రా బేటా. దుఖ్తా నై, జల్తా. పూరా బదన్ జల్ రా. పైలే కా దర్ద్ అలగ్ థా.”

నేను డాక్టర్‌కి చెప్పింది: “నొప్పి బాగా ఎక్కువైందంటోంది సర్.”

అంతే. ఒక్క ముక్క. ఆమె చెప్పింది నాలుగు ముక్కలు. నొప్పి కాదు, మంట. ఒక చోట కాదు, ఒళ్లంతా. ముందటి నొప్పి వేరు, ఇది వేరు. ఆ మూడు మాటల్లోనే రోగ నిర్ధారణ ఉంది. నేను దాన్ని ‘ఎక్కువైంది’ చేసేశాను. డాక్టర్ విన్నది ‘ఎక్కువైంది’. ఆయన చార్టులో రాసింది కూడా అదే. డోసు పెరిగింది. తర్జుమాలో ఇంత బద్‌దయానతీ నేను పేపర్లో చేసి ఉంటే ఎడిటర్ ఉద్యోగం తీసేసేవాడు.

అయితే నేను మాత్రమే దోషిని అనుకోను. మంచం దగ్గర నిలబడి ఒక్క నిమిషం ఆ దుపట్టా అంచుతో చర్మాన్ని తాకి చూస్తే తెలిసేది. ఎవరూ తాకలేదు. నొప్పి పదికి ఎంత అని అడిగారు, తొమ్మిదంటే పెంచారు, పదంటే ఇంకా పెంచారు. లెక్కల పుస్తకంలా.

ఆరో రోజు తెలిసినవాళ్ల సిఫారసు మీద ఒక పాలియేటివ్ డాక్టరమ్మ వచ్చి చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. అది నాకు ఇంకా గుర్తుంది, ఎందుకంటే అంతవరకు ఎవరూ కూర్చోలేదు. హైదరాబాదీ ఉర్దూ మాట్లాడింది. “అమ్మా, జల్తా క్యా, చుభ్తా క్యా, ఖీంచ్తా క్యా?” అని అడిగింది. దూది ఉండతో ముంజేతి మీద రాసింది. ఫుప్పూ చెయ్యి లాక్కుంది. రక్త పరీక్షల కాగితాలు తిరగేసి, “క్రియాటినిన్ ఎప్పుడు చూశారు?” అంది. పది రోజుల కిందటిది ఉంది. మళ్లీ చేయిస్తే మూడింతలైంది. కడుపులో పెరిగిన గడ్డ మూత్రనాళాల్ని నొక్కేస్తే కిడ్నీలు ఆగిపోతూ వచ్చాయి. ఈ రకం క్యాన్సర్లో అది తరచుగా జరిగేదే.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో చెబుతాను. మార్ఫిన్ కాలేయంలో విరిగి రెండు ముఖ్యమైన పదార్థాలవుతుంది. ఒకటి నొప్పిని తగ్గించేది. ఇంకొకటి, ఎమ్‌త్రీజీ అంటారు, నొప్పిని తగ్గించదు, పైగా నరాల్ని రెచ్చగొడుతుందని వైద్యులు చెబుతారు. మామూలుగా కిడ్నీలు దాన్ని బయటికి పంపేస్తాయి. కిడ్నీలు పని చెయ్యకపోతే అది ఒంట్లో పేరుకుంటుంది. ఒళ్లు ఎగిరిపడటం, పీడకలలు, మతి తప్పడం, తాకితే మంట, ఇవన్నీ ఆ దారిలో వచ్చేవే. కిడ్నీలు బాగున్నవాళ్లకి కూడా పెద్ద డోసులు, అందులోనూ వేగంగా పెంచినప్పుడు, వెన్నుపాములో నొప్పి కబురు మోసే నరాలే అతిగా మేల్కొనే అవకాశముంది. మస్జిద్ మైకు సంగతి మనకందరికీ తెలుసు. గొంతు సరిగ్గా వినపడటం లేదని వాల్యూమ్ తిప్పుతూ పోతే ఒక చోట కీచుమని కూత మొదలవుతుంది. అప్పుడు ఇమాం సాబ్ గుసగుసలాడినా కూతే. ఇంకా తిప్పితే ఇంకా కూత. తగ్గించాలి, లేదా మైకు మార్చాలి. దీన్ని డాక్టర్లు ఓపియాయిడ్ ఇండ్యూస్డ్ హైపరాల్జీసియా అంటారు. నల్లమందు జాతి మందే నొప్పి సున్నితత్వాన్ని పెంచడం అన్నమాట.

ఇది కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. మార్ఫిన్ సూదులు కొత్తగా వాడుకలోకి వచ్చిన రోజుల్లో, 1870లోనే, క్లిఫర్డ్ ఆల్‌బట్ అనే ఇంగ్లండ్ డాక్టర్ ఈ అనుమానం రాసిపెట్టాడు. మనం ఇళ్లలో వాడిన పొట్టి జ్వరం థర్మామీటర్ రూపం ఆయనదే. థర్మామీటర్ ఇంటింటికీ చేరింది. ఈ అనుమానం మాత్రం నూటయాభై ఏళ్లయినా మా ఫుప్పూ వార్డు దాకా చేరలేదు.

డాక్టరమ్మ ఏం చేసింది? మార్ఫిన్ ఆపేసి కలోంజీ ఇవ్వలేదు. కిడ్నీల మీద అంతగా భారం వెయ్యని ఫెంటానిల్‌కి మార్చింది. అదీ నల్లమందు మందుల తీరుదే. మార్చేటప్పుడు లెక్క ప్రకారం వచ్చే సమాన డోసు ఇవ్వలేదు, బాగా తగ్గించి మొదలుపెట్టింది. ఒక మందుకి అలవాటు పడ్డ ఒళ్లు రెండో మందుకి అంతే అలవాటు పడి ఉండదు గనక అలా తగ్గించాలట. నరాల మంటకి వేరే గోలీ, కిడ్నీల స్థితి చూసి చిన్న డోసులో. సెలైన్. మూత్రం దారి తెరవడానికి వీపులోంచి సన్నటి గొట్టం. మొదటి రెండు రాత్రులు మేం భయంతో చచ్చాం. డోసు తగ్గిస్తే నొప్పి తట్టుకుంటుందా అని. మా చిచ్చా అయితే డాక్టరమ్మతో గొడవకి దిగాడు. “తకలీఫ్‌లో ఉన్నామెకి మందు తగ్గిస్తరా?” అని. ఆమె ఓపిగ్గా, “చిచ్చా, మూడు రోజులు ఇవ్వండి నాకు” అంది.

నాలుగో రోజు పొద్దున భాభీ దుపట్టా కప్పింది. ఫుప్పూ అలాగే పడుకుని ఉంది. భాభీ ఏడుపు ఆపుకోలేక బయటికొచ్చింది.

తుంటి నొప్పి పోలేదు. అది క్యాన్సర్‌ది, అది ఉండింది. కానీ అది పాత నొప్పి, తెలిసిన నొప్పి. దాన్ని ఫెంటానిల్ పట్టీ పట్టుకుంది. తర్వాత ఐదు వారాలు ఇంట్లో ఉంది, ఇంట్లోనే పోయింది. కల్మా నసీబ్ అయింది. ఆ మాట అడిగినవాళ్ల కోసం చెబుతున్నాను.

ఇప్పుడు ఆ ఆడియో దగ్గరికి వద్దాం. ‘మార్ఫిన్ నొప్పిని పెంచుతుందని డాక్టర్లే రాసుకున్నారు.’ అవును, రాసుకున్నారు. కానీ ఎంతమందికి, ఎప్పుడు, ఏం చెయ్యాలి అని కూడా అక్కడే రాసుకున్నారు. ఆ పేజీలు హకీమ్ సాబ్ చదవలేదు. క్యాన్సర్ మరీజుల్లో ఎక్కువ మందికి ఇది రాదు. నొప్పి పెరిగిందంటే మొదట అనుమానించాల్సింది జబ్బు పెరిగిందేమోనని. తర్వాత చూడాల్సింది ఒళ్లు మందుకి అలవాటు పడిందేమోనని. అలా అయితే డోసు పెంచితే తగ్గుతుంది, మా ఫుప్పూకి మొదటిసారి తగ్గినట్టు. కొందరికి తర్వాతి గోలీ టైమ్ దగ్గర పడేసరికి మాత్రమే నొప్పి వస్తుంది, వాళ్లకి గోలీల టైమ్ సర్దాలి. కొందరు గోలీలు ఎగ్గొడతారు, చెమటలు, ఆవులింతలు, విరేచనాలతో పాటు నొప్పి తిరగబడుతుంది. ఇవన్నీ చూశాకే, పెంచినకొద్దీ ముదురుతోంది, పాత చోటు దాటి పాకుతోంది, తాకితే మండుతోంది, ఒళ్లు ఎగిరిపడుతోంది అనే గుర్తులు కలిస్తే అప్పుడు దీని గురించి ఆలోచించాలి. క్యాన్సర్ గడ్డ నరాన్ని నొక్కినా మంట ఉంటుంది గనక అది కూడా తేల్చుకోవాలి. తేల్చేది డాక్టర్, వాట్సప్ కాదు.

ఇలాజ్ కూడా ఒక్కటే లేదు. డోసు కొంచెం కొంచెంగా తగ్గించడం ఉంది. మందు మార్చడం ఉంది. మెథడోన్‌కి అతిగా మేల్కొన్న ఆ నరాల తాళాన్ని మూసే గుణం కూడా ఉందంటారు, కాకపోతే దాని లెక్క కష్టం, తెలిసినవాళ్లే ఇవ్వాలి. చాలా చిన్న డోసులో కెటమిన్ ఉంది. ఎముకలోకి పాకిన క్యాన్సర్‌కి ఒకటి రెండు రేడియేషన్లు చాలాసార్లు బాగా పనిచేస్తాయి. పొట్ట పైభాగంలో నొప్పికి నరం దగ్గర ఇంజెక్షన్ ఉంది. వీటివల్ల మార్ఫిన్ అవసరమే తగ్గుతుంది. అన్నిటికంటే ఖత్రా అయిన పని ఆ ఆడియో చెప్పిందే. నెలల తరబడి తీసుకుంటున్న మార్ఫిన్ ఒక్కసారిగా ఆపడం. అప్పుడు ఆ మరీజ్ అరిచే అరుపు వింటే ఆ పదిహేడు జజాకల్లాహ్‌లు వెనక్కి తీసుకుంటారు.

ఇక్కడ డాక్టర్ల వైపు తిరిగి ఒక మాట అడగాలి. ఎందుకింత మందికి ఇది తెలియదు? మా ఫుప్పూకి డోసు పెంచిన ఆ కుర్ర డాక్టర్ చెడ్డవాడు కాదు. రాత్రి రెండింటికి పిలిచినా వచ్చాడు. అతనికి మార్ఫిన్ గురించి నేర్పినవాళ్లు లేరు. నేర్పేవాళ్లు లేకపోవడానికి ఒక తారీఖ్ ఉంది. 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. మత్తు వ్యాపారాన్ని అడ్డుకుందామని తెచ్చారు. దాంతో మార్ఫిన్ పెట్టుకోవాలంటే ఆస్పత్రికి నాలుగైదు లైసెన్సులు కావాల్సి వచ్చింది, ఒకటి వచ్చేలోపు ఇంకొకటి గడువు తీరేది. ఏ కాగితం తేడా వచ్చినా జైలు. ఆస్పత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. పన్నెండేళ్లలో దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ తొంభై శాతానికి పైగా పడిపోయింది. నీమచ్, మంద్‌సౌర్, చిత్తోడ్‌గఢ్ వైపు సర్కారు లైసెన్సుతో అఫీమ్ పండించి, గాజీపూర్, నీమచ్ ఫ్యాక్టరీల్లో శుద్ధి చేసి పరాయి దేశాలకి పంపే ముల్క్ ఇది. మన పొలం పంట, మన మరీజ్‌కి లేదు.

2014లో చట్టం మార్చారు. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్ లాంటి ఆరు మందుల్ని అత్యవసరమైనవిగా పేర్కొని, గుర్తింపు పొందిన ఆస్పత్రికి ఒకే అనుమతి చాలన్నారు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ, సెక్రటేరియట్‌ల చుట్టూ తిరిగితే వచ్చిన మార్పు అది. కాగితం మారింది. కానీ ఆ మధ్యలో ఒక తరం డాక్టర్లు మార్ఫిన్ చేత్తో పట్టుకోకుండానే ఎంబీబీఎస్ ముగించి, ఇప్పుడు ప్రొఫెసర్లయి కూర్చున్నారు. వాళ్లకి రానిది పిల్లలకి ఏం నేర్పుతారు? 2017లో లాన్సెట్ కమిషన్ లెక్క ప్రకారం మన దేశంలో నొప్పితో బాధపడేవాళ్లకి అవసరమైన మార్ఫిన్ తరహా మందులో అందుతున్నది 4 శాతమే. మిగతా 96 శాతం ఏమైందో మన ఇళ్లలో రాత్రి రెండు గంటలకి వినొచ్చు.

మా నొప్పుల గురించి మాకు తెలిసింది చాలు అని మూసుకునే షహర్ కూడా కాదు మనది. క్లోరోఫాం వల్ల ముందు ఆగేది గుండెనా, శ్వాసనా అని 1880ల్లో ప్రయోగాలు చేయించడానికి ఆరో నిజాం ఖజానా తెరిచాడు. హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ పేరు మత్తు వైద్యం చరిత్రలో ఇప్పటికీ ఉంది. రెడ్ హిల్స్‌లో ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి పేరులో ఆ మూడు అక్షరాలు మెహదీ నవాజ్ జంగ్‌వి. మన వాళ్లలో సగం మందికి ఆ సంగతే తెలియదు. అక్కడ నొప్పి నివారణకి, పాలియేటివ్ కేర్‌కి విడిగా విభాగం ఉంది. జిల్లాల్లో ‘ఆలన’ పేరుతో పాలియేటివ్ కేంద్రాలు వచ్చాయి. అక్కడికి వెళ్లమంటే మనవాళ్లు, “అది ఆఖరి స్టేజ్ వాళ్లకి కదా, ఇంకా ఉమ్మీద్ ఉంది” అంటారు. నొప్పి తగ్గించుకోవడం ఉమ్మీద్ వదులుకోవడం ఎప్పుడైంది?

మన ఇళ్ల సంగతి ఇంకో రెండు చెప్పి ఆపుతాను. ఒకటి రంజాన్. నాలుగు గంటల గోలీ మీద ఉన్న మరీజ్ రోజా ఉండాలని పట్టుపడితే ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. పగలంతా మందు లేక, ఇఫ్తార్ తర్వాత మూడు గోలీలు ఒక్కసారి మింగినవాళ్లని నేను చూశాను. మరీజ్‌కి షరియత్ ఇచ్చిన రుఖ్‌సత్ ఉంది. కోలుకోని జబ్బుకి ఫిద్యా ఉంది. అల్లాహ్ ఇచ్చిన రుఖ్‌సత్‌ని తీసుకోవడానికి మనం ఎందుకు సిగ్గుపడాలి?

రెండోది జబాన్. మన ఆడవాళ్లు డాక్టర్ ముందు మాట్లాడరు, మాట్లాడేది కొడుకో, దామాదో, నాలాంటి బతీజానో. దక్ఖనీలో నొప్పికి ఎన్ని మాటలున్నాయో ఒక్కసారి లెక్కపెట్టండి. దుఖ్తా, జల్తా, చుభ్తా, ఖీంచ్తా, ఫట్తా. తెలుగులో కూడా తక్కువేమీ లేవు. పోటు, సలుపు, తీపు, మంట, గుంజుడు, జుమ్మనడం, సూదులు గుచ్చినట్టుండటం. ఈ మాటల్లో ఒక్కోటి డాక్టర్‌కి ఒక్కో దారి చూపిస్తుంది. మనం తర్జుమా పేరుతో అన్నిటినీ కలిపి ‘చాలా నొప్పి’ చేసి అప్పగిస్తాం. ఎక్కడెక్కడ, ఎప్పటి నుంచి, మందు వేసుకున్నాక ఎంతసేపటికి, తాకితే ఎలా ఉంది, పాతదేనా కొత్తదా, ఒక నోటుబుక్‌లో మరీజ్ అన్న మాటల్లోనే రాసుకోండి. ఉర్దూలో రాస్తే ఉర్దూలోనే చదివి వినిపించండి. అర్థం కాకపోతే డాక్టర్ అడుగుతాడు. అడగనివాడైతే డాక్టర్ని మార్చండి.

గ్రూపులో ఆ ఆడియో కింద ఇదంతా కుదించి పెట్టాను. ఇద్దరు డిలీట్ చేశారు. ఒక మామూ నాకు ఫోన్ చేసి, పెద్దవాళ్లని బేఇజ్జత్ చేస్తున్నావని తిట్టాడు. మౌలానా సాబ్‌కి కూడా లింక్ పంపాను. చదివినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.

తమ్ముడితో రాత్రి మళ్లీ మాట్లాడాను. వాళ్ల అబ్బాకి నొప్పి దవడలోనే ఉందట, ఒళ్లంతా పాకలేదు, తాకితే మంట లేదు, కిందటి వారం డోసు పెంచినప్పుడు తగ్గిందట. వింటుంటే ఆడియోలో చెప్పింది ఇది కాదనిపిస్తోంది, కానీ నేను డాక్టర్ని కాదు. సోమవారం రెడ్ హిల్స్ వెళదామన్నాం. రిపోర్టులతో పాటు చివరి క్రియాటినిన్ కాగితం, గోలీల స్ట్రిప్పులు పట్టుకురమ్మన్నాను. ఈసారి అబ్బా మాటలు తర్జుమా చెయ్యను, ఆయన్నే చెప్పనిస్తాను. నోరు సరిగ్గా తెరుచుకోదు, టైమ్ పడుతుంది. పట్టనీ.